జున్నుతో చేయించిన దీక్ష

కృష్ణలంకలో మాణిక్యమ్మ ఉండే సందులో ఆ కార్తీకమాసమంతా ఒకటే మాట. ఆమె పెంచుకుంటున్న పిల్లి ఇంటాయన మీద పగబట్టిందని. కుళాయి దగ్గర అదే మాట, కిరాణా కొట్టు దగ్గర అదే మాట, ఇస్త్రీ బండి దగ్గరా అదే మాట. దయ్యం పట్టిందన్నవాళ్ళున్నారు. ఏదో అపచారం జరిగి ఉంటుందని గొంతు తగ్గించి చెప్పినవాళ్ళున్నారు. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు, ఆ పిల్లికి ఏం పెడుతున్నావమ్మా అని అడగలేదు. పగ, దయ్యం, దిష్టి, అపచారం అని ఇన్ని పెద్ద పెద్ద మాటలు దొరికిన నోళ్ళకి ఆ చిన్న ప్రశ్న మాత్రం దొరకలేదు.

మాణిక్యమ్మ గురించి చెప్పకుండా ఆ పిల్లి గురించి చెప్పడం కుదరదు. ఆమెది మైలవరం పక్కన పల్లెటూరు. పెళ్ళయి బెజవాడ వచ్చి పాతికేళ్ళు దాటింది. గవర్నర్‌పేటలో బట్టల కొట్లున్న ఒక సందులో, పాత లాడ్జి మెట్ల కింద, కుట్టుమిషనూ ఒక స్టూలూ పట్టేంత చోట్లో కూర్చుని చీరలకి ఫాల్స్ కుడుతుంది, పికో చేస్తుంది. నోరున్న మనిషి. తెచ్చిన చీర రంగు దిగేదైతే, అమ్మిన కొట్టువాడు పక్కనే నిలబడి ఉన్నా సరే, ఇది దిగుతుందమ్మా, విడిగా ఉతుక్కో అని కొన్నావిడతో చెప్పేస్తుంది. ఆ కొట్లవాళ్ళకి ఆమె మీద కోపం. అయినా పని ఆమెకే ఇస్తారు. అలాంటి మనిషి ఇంటి మెట్లెక్కేసరికి ఆ నోరు ఎక్కడ వదిలిపెట్టి వస్తుందో తెలియదు. భర్త రామకోటేశ్వరరావు ఎదుట మాటకి మాట అనడం ఆమెని ఎవరూ చూడలేదు.

రామకోటేశ్వరరావు చెడ్డవాడు కాడు. ఆ మాట ఆమే చెబుతుంది. తాగడు, సిగరెట్టు కాల్చడు, అదే గవర్నర్‌పేటలో కరెంటు సామాన్ల హోల్‌సేల్ కొట్లో గుమస్తాగా చేస్తాడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు. ఏటా కార్తీకంలో భవానీ మాల వేసుకుంటాడు. ఎర్రబట్టలు, నేల మీద పడక, రెండు పూటలా చన్నీళ్ళ స్నానం, ముందుగదిలో అమ్మవారి పీఠం. నలభై ఒక్క రోజులు ఇంట్లో నీసు మాట ఉండదు. చివర్లో ఇరుముడి కట్టుకుని కొండెక్కుతాడు. అతని భక్తిలో దొంగతనం లేదు.

అయితే ఆ నలభై ఒక్క రోజులూ ఆ దీక్ష ఎవరి రెక్కల మీద నడుస్తుందని ఎవరైనా అడిగారా? అతను తెల్లవారకముందే లేస్తాడు. అంతకంటే ముందే మాణిక్యమ్మ లేచి తలస్నానం చేసి పీఠం ముందు ముగ్గు పెట్టాలి. నైవేద్యం వండాలి. ఎర్రబట్టలు విడిగా ఉతికి విడిగా ఆరేయాలి. దీక్షలో ఉన్నవాడి బండి వెనక కూర్చోకూడదని, రోజూ అతనితో స్కూటరు మీద పేటకి వెళ్ళే మనిషి ఆ రోజుల్లో సిటీ బస్సులో నిలబడి వెళ్ళాలి. నెలలో ఆ మూడు రోజులు వస్తే చాపా దుప్పటీ చంకన పెట్టుకుని కింది పోర్షన్లో తెరేసమ్మ ఇంటికి దిగాలి. దీక్షలో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళని పేరు పెట్టి పిలవరు, మాతా అంటారు. రామకోటేశ్వరరావూ భార్యని అలాగే పిలిచేవాడు. మాతా, తువ్వాలు. మాతా, పాలు. మాతా, దీపంలో నెయ్యి అయిపోయింది. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఇక జున్ను. ఒక వానాకాలం సాయంత్రం మిషను కింద కత్తిరించి పడేసిన ఫాల్స్ ముక్కల గుట్టలో అరచేయంత పిల్లికూన ముడుచుకుని కనిపించింది. గిన్నెలో గడ్డకట్టిన జున్ను ఎలా ఉంటుందో అదే రంగు. క్యారేజీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. పిల్లలు లేని ఇల్లది. ఆ సంగతి మాణిక్యమ్మ ఎవరితోనూ మాట్లాడదు కాబట్టి ఇక్కడా మాట్లాడనక్కర్లేదు. రామకోటేశ్వరరావు మొదట్లో విసుక్కున్నాడు గాని, అటక మీద ఎలకల అలికిడి ఆగిపోయాక ఊరుకున్నాడు. తర్వాత తర్వాత పేపరు చదువుతూ దాని తల గోకడం కూడా నేర్చుకున్నాడు.

అంత పద్ధతైన పిల్లిని ఆ సందులో ఎవరూ ఎరగరు. వెనక వసారాలో పాత ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి పెడితే, రెండో రోజు నుంచీ అందులోకే వెళ్ళి కప్పెట్టుకుని వచ్చేది. పొద్దున్నే సందులోకి వచ్చే చేపలామె దగ్గర తలకాయలో చిన్న చేపలో తీసుకుని, ఉడకబెట్టి ముళ్ళు ఏరి, పిడికెడన్నంలో కలిపి పెడితే గిన్నె మెరిసేలా నాకి, పక్కనే కూర్చుని మొహం కడుక్కునేది. ఊరి మీద పడి తిరగకుండా మాణిక్యమ్మ దానికి పశువుల ఆస్పత్రిలో ఆపరేషన్ కూడా చేయించింది. పాలగిన్నె మూత లేకుండా ఉన్నా ముట్టేది కాదు.

ఆ కార్తీకంలో మాల వేసుకునే ముందురోజు రామకోటేశ్వరరావు రెండు మాటలు చెప్పాడు. ఇంట్లో నీసు వాసన రాకూడదు గనక పిల్లికి కూడా పెరుగన్నమే పెట్టాలి. వెనక వసారాలో ఎర్రబట్టలు ఆరేస్తారు గనక ఆ ఇసుక టబ్బు అక్కడ ఉండకూడదు. మాణిక్యమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. టబ్బు కిందికి దించి మెట్ల కింద బోరు మోటారు పక్కన పెట్టింది. చేపలు ఉడికించే గిన్నె తోమి అటకెక్కించింది. రెండు పనులూ ఆమె చేతులతోనే చేసింది. కోపం ఆమెకి తర్వాత వచ్చింది. వచ్చినప్పుడు ముందు తన మీదే వచ్చింది.

మొదటి వారం సందంతా జున్నుని మెచ్చుకుంది, ఆ సంగతి మరిచిపోకూడదు. మా పిల్లి కూడా దీక్షలోనే ఉందండీ అని రామకోటేశ్వరరావు కొట్లో చెప్పుకున్నాడు. పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. ఎవరో దాని మెడకి ఎర్ర రిబ్బను కట్టారు, ఎవరో నుదుట కుంకుమ అద్దారు. అతనితో పాటు మాల వేసుకున్న ఒకతను అది పెరుగన్నం తింటుంటే ఫోన్లో వీడియో తీసి అందరికీ పంపాడు. పూర్వజన్మలో ఏ భక్తుడో అన్నారు. అది భక్తా? ఆకలేసింది, ముందున్నది తింది. ఆ గిన్నె ముందు ఎంతసేపు నిలబడి, వాసన చూసి, మాణిక్యమ్మ మొహంలోకి చూసి, మళ్ళీ గిన్నెలోకి చూసిందో వీడియోలో లేదు.

రెండో వారం తిరగకముందే భక్తుడు దొంగ అయ్యాడు. తెరేసమ్మ పొయ్యి మీద మెత్తళ్ళ కూర ఉంటే మూత తోసి తినేసింది. ఎదురింటి వాళ్ళ కోడిగుడ్లు పగలగొట్టింది. ముందుగదిలో పీఠం మీదికెక్కి కుందిలో నెయ్యి నాకింది. రాత్రీ పగలూ గొంతు చించుకుని అరిచేది, కాళ్ళకి అడ్డం పడేది, తోక ఊపుకుంటూ గుమ్మంలో కాపు కాసేది. ఇవన్నీ ఒక ఎత్తు, ఎర్రబట్టల పని ఒక ఎత్తు. ఉతికి మడతపెట్టిన ఎర్ర పంచె మీద మూత్రం పోసింది. మళ్ళీ ఉతికారు, మళ్ళీ పోసింది. పక్కన పాత గుడ్డలెన్ని ఉన్నా వాటి జోలికి వెళ్ళకుండా ఆ ఎర్రబట్టలే వెతుక్కుని మరీ పోస్తోందని, ఇది పగ కాకపోతే ఏమిటని రామకోటేశ్వరరావు అడిగాడు. పాత గుడ్డలు పెట్టెలో ఉన్నాయనీ, నేల మీద మెత్తగా దొరికేవి ఆ ఎర్రబట్టలేననీ అతనికి తట్టలేదు.

వైద్యాలు మొదలయ్యాయి. గేటు దగ్గర కుక్కలు రాకుండా సీసాల్లో నీలిమందు నీళ్ళు పోసి వేలాడదీస్తారు చూడండి, ఆ సీసాలు తెచ్చి పీఠం చుట్టూ పేర్చారు. జున్ను వాటి మధ్యలోంచి నడిచి వెళ్ళింది. మూలమూలలా కలరా ఉండలు పడేశారు. ఫినాయిలు పోసి గది కడిగారు. మిరియాల పొడి చల్లితే మనుషులకే తుమ్ములొచ్చాయి. పోసిన చోటికి మెడ పట్టి ఈడ్చుకెళ్ళి ముక్కు నేలకేసి రాయమని ఒకాయన చెప్పాడు. ఆ పనీ చేశారు. చీపురుకట్ట తిరగేసి కొట్టారు. చన్నీళ్ళ స్నానానికి వెళ్తూ రామకోటేశ్వరరావు చీపురు పట్టుకుని కాలితో నేల మీద దబదబా కొట్టి అదిలిస్తే, ఒక తెల్లవారుజామున జున్ను అదే కాలి మీదికి దూకి మడమ దగ్గర కరిచింది. దీక్షలో చెప్పులుండవు గదా. ఎర్ర పంచె కట్టుకుని ఆస్పత్రి వరసలో నిలబడి ఇంజక్షన్ వేయించుకున్నాడు. దాంతో పిల్లి పగ సంగతి సందు దాటి పేటదాకా వెళ్ళింది.

ఆ వారమే మాణిక్యమ్మకి మూడు రోజులు కిందికి దిగాల్సి వచ్చింది. తెరేసమ్మ గుణదల దగ్గర ఒక ఆస్పత్రిలో ఆయా. ఎవరి మీదా పెద్దగా వ్యాఖ్యానాలు చేయదు. తన కూర పోయినందుకు కూడా ఏమీ అనలేదు. మాణిక్యమ్మ వెనకే మెట్లు దిగి వచ్చిన జున్నుని చూసి, గిన్నెలో ఇన్ని మెత్తళ్ళు వేసి ముందు పెట్టింది. అది తలెత్తకుండా గిన్నె ఖాళీ చేసింది. తిని, తెరేసమ్మ కాళ్ళ దగ్గరే పడుకుని నిద్రపోయింది. ఆ మూడు రోజులూ అరవలేదు, ఎవరినీ రక్కలేదు. తెరేసమ్మ తన వంటింటి వెనక పెరట్లో ఇసుక పోస్తే అందులోకే వెళ్ళింది. నాలుగో రోజు పొద్దున్న పైకి వెళ్ళగానే మళ్ళీ పంచె మీద పోసింది.

మాణిక్యమ్మ ఆ పూట మిషను తెరవలేదు. కూరగాయల బుట్టలో జున్నుని కూర్చోబెట్టి, పైన పాత చీర ముక్క కట్టి, ఆటోలో పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరు ఒక చిన్న వయసు అమ్మాయి. జున్ను పొట్ట తడిమి చూసింది, మూత్రం బొట్లు బొట్లుగా వస్తోందా, కూర్చుని ముక్కుతోందా అని ముందు అది అడిగింది. మగ పిల్లికి మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందట. అదేమీ లేదని తేల్చుకున్నాక, ఏం పెడుతున్నారు, ఇసుక ఎక్కడ పెట్టారు, ఇదంతా ఎప్పటి నుంచీ అని అడిగింది. మాణిక్యమ్మ ఒక్కొక్కటే చెప్పింది. చెబుతూ చెబుతూ ఉండగానే తన మాటలు తనకే వినబడ్డాయి. మాల వేసుకున్న రోజు నుంచీ అంది. మోటారు పక్కన అంది. పెరుగన్నం అంది.

డాక్టరు ఆమెని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లి మాంసం తినే జీవమనీ, పెరుగన్నంతో దాని కడుపు నిండినట్టుంటుంది గాని ఒంటికి కావలసింది అందదనీ, నెలల తరబడి అలాగే సాగితే కళ్ళూ గుండే దెబ్బతింటాయనీ చెప్పింది. ఆకలితో ఉన్న పిల్లి దొంగతనం చేయక ఏం చేస్తుందంది. మోటారు గుర్రుమంటుంటే ఆ పక్కన కూర్చోవడానికి భయపడి మెత్తని చోటు వెతుక్కుందంది. ఒకసారి పోసిన చోట ఫినాయిలుతో కడిగినా దాని ముక్కుకి ఆ వాసన పోదని, వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి ఎండబెట్టమంది. ముక్కు నేలకేసి రాయడం, కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మనుషులంటే భయమని చెప్పింది. కలరా ఉండల మాట వినగానే మాత్రం కుర్చీలోంచి లేచింది. అవి పిల్లికి విషమట. ఇంటికెళ్ళగానే ఏరిపారేయమంది. రామకోటేశ్వరరావు పగ సంగతి మాణిక్యమ్మ చివరికి నసుగుతూ చెప్పింది.

“పగేంటమ్మా,” అంది డాక్టరు. “అది మీకు ఫిర్యాదు చేస్తోంది. మీరు దాన్ని నేరం అంటున్నారు.”

ఆటోలో బుట్ట ఒళ్ళో పెట్టుకుని వస్తున్నంతసేపూ మాణిక్యమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో పీఠం మీద ఉన్న పటం కళ్ళ ముందు మెదిలింది. అమ్మవారి పాదాల దగ్గర సింహం ఉంటుంది, నోరు తెరుచుకుని. దానికి పెరుగన్నం పెట్టిన వాళ్ళెవరు? పెట్టమని అమ్మవారు ఎవరికి చెప్పింది? పటానికి రోజూ పువ్వులు పెట్టిన చెయ్యి తనది, ఆ సింహాన్ని రోజూ చూసిన కళ్ళు తనవి. ఇంత కాలం ఈ ముక్క తట్టనందుకు తనని తాను తిట్టుకుంది.

సాయంత్రం భర్తకి చెప్పింది. అన్నీ చెప్పింది. అతను విన్నాడు. పీఠం ఉన్న ఇంట్లో నీసు వండమంటావా అన్నాడు. ఇక్కడ కాదు, తెరేసమ్మ ఇంట్లో పెడతానంది. ఆ నోటితోనే పైకొచ్చి పీఠం దగ్గర తిరుగుతుంది గదా అన్నాడు. టబ్బు వసారాలోకి తెస్తాను, బట్టలు డాబా మీద ఆరేద్దాం అంది. దీక్ష నాదా, పిల్లిదా అన్నాడు. అప్పటికే అతను నిర్ణయం చేసుకుని ఉన్నాడు. శుక్రవారం ఇంట్లో భవానీలకి భిక్ష ఉంది. భిక్ష అయిపోగానే తెలిసినవాడి ట్రాలీ ఆటో హనుమాన్ జంక్షన్ వెళ్తుంది. జున్నుని గోతంలో కట్టి అందులో పంపిస్తాడు. దారి గుర్తుండకుండా గోతాన్ని గిరగిరా తిప్పి వదిలితే తిరిగి రాదని సందులో పెద్దవాళ్ళు చెప్పారు. అక్కడ హోటళ్ళున్నాయి, తిండికేం లోటుండదని అతనే ఆమెకి ధైర్యం చెప్పాడు. హైవే మీద రాత్రీ పగలూ లారీలు ఎలా పోతుంటాయో ఆమెకి తెలుసు. రోడ్డంటే ఏమిటో జున్నుకి తెలియదు. ఆమె ఇంకేమీ అనలేదు. ఎప్పటిలాగే ఒప్పుకుందని అతననుకున్నాడు.

శుక్రవారం తెల్లవారకముందు నుంచీ వంట. భిక్ష అంటే మాల వేసుకున్న వాళ్ళందరినీ ఇంటికి పిలిచి విస్తళ్ళు వేసి భోజనం పెట్టడం. పులిహోర, చక్రపొంగలి, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, గారెలు, అన్నీ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఒక్క చేతి మీద వండింది. వెనక వసారాలో గంప కింద జున్ను. గంప మీద సన్నికల్లు. పక్కనే మడతపెట్టిన గోతం. జున్ను అరుస్తూనే ఉంది. ఆ అరుపు పొయ్యి దగ్గరికి వినబడుతుంటే ఆమె గారెలు తీసింది.

మధ్యాహ్నానికి భవానీలు వచ్చారు. ముందుగదిలో రెండు వరసలు ఎర్రబట్టలు. మొదటి విస్తరి ముందు పుల్లయ్య గురు భవానీ కూర్చున్నాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఆ చుట్టుపక్కల వాళ్ళకి మాలలు వేసేది ఆయనే. వెనకనుంచి అరుపు వినబడి అదేమిటని ఎవరో అడిగారు. వడ్డనకి నిలబడ్డ రామకోటేశ్వరరావు చెప్పడం మొదలుపెట్టాడు. పంచెల సంగతి చెప్పాడు, నెయ్యి సంగతి చెప్పాడు, మడమ మీద గాటు చూపించాడు. దాన్ని కూడా దీక్షలో ఉంచితే ఇలా చేసింది గురు భవానీ, ఇవాళ జంక్షన్ పంపించేస్తున్నా అన్నాడు.

పుల్లయ్య పులిహోర ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు.

“దానికి మాల ఎవరేశారు భవానీ?” అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వలేదు, అలాగని పెద్ద ధర్మం చెబుతున్నట్టూ అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. “వచ్చి అడిగినోళ్ళకే వేస్తాను నేను. అడక్కుండా ఎవరికీ వెయ్యను గదా. మరి దానికెవరేశారు?”

మాణిక్యమ్మ పప్పు గిన్నెతో రెండు వరసల మధ్య నిలబడి ఉంది.

“నేనూ అడగలేదండీ,” అంది.

ఎవరికీ అర్థం కాలేదు. రామకోటేశ్వరరావు ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు, పుల్లయ్య వైపే చూసి చెప్పింది. గొంతు పెంచలేదు. గవర్నర్‌పేటలో ఈ చీర రంగు దిగుతుందని చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అలాగే చెప్పింది.

“పదకొండేళ్ళుగా నేనూ చేస్తున్నానండీ. తలకి పోసుకుంటున్నాను, నేల మీద పడుకుంటున్నాను, నీసు మానేశాను. మీరెవరూ నాకు మాల వెయ్యలేదు. నేనడగలేదు, నన్నెవరూ అడగలేదు. అమ్మవారంటే నాకూ భక్తే. అడిగుంటే వేసుకునేదాన్నేమో. దాన్నీ అడగలేదు. నోరుండి నేనూరుకున్నాను. దానికి నోరు లేదు గనక కరిచింది.”

ఆమె పప్పు గిన్నె రెండు విస్తళ్ళ మధ్య నేల మీద పెట్టి, గరిటె అందులో వేసి, వసారాలోకి వెళ్ళింది. సన్నికల్లు దించింది, గంప ఎత్తింది. జున్ను పారిపోలేదు, మూలకి నక్కి కూర్చుంది. చీర చెంగులో చుట్టి ఎత్తుకుంది. గోతం కూడా తీసి చంకలో పెట్టుకుంది. భవానీల వరసల మధ్యనుంచే నడిచి, మెట్లు దిగి, తెరేసమ్మ ఇంటికి వెళ్ళింది. తెరేసమ్మ ఏమైందని అడగకుండానే గిన్నె తెచ్చింది.

భిక్ష మధ్యలో ఆపకూడదు. మిగతా వడ్డనంతా రామకోటేశ్వరరావు చేశాడు. పులుసు వేశాడు, గారెలు వేశాడు. పెరుగు దగ్గర ఆగిపోయాడు. పాతికేళ్ళుగా తను తింటున్న ఇంట్లో పెరుగు ఎక్కడ తోడు పెడతారో అతనికి తెలియదు. మెట్ల మీదికి వచ్చి, మాతా, పెరుగెక్కడుంది అని పిలిచాడు. కిందనుంచి జవాబు లేదు. కాసేపాగి మళ్ళీ వచ్చాడు.

“మాణిక్యం, పెరుగెక్కడ?” అన్నాడు. దీక్షలో భార్యని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

“వంటింట్లో జున్ను గిన్నె పక్కనే ఉందండీ,” అందామె కిందనుంచే. “దానికి రోజూ పెట్టినదే. వాళ్ళకీ వెయ్యండి.”

ట్రాలీ ఆటో వచ్చి హారన్ కొట్టి, ఎవరూ దిగి రాకపోతే వెళ్ళిపోయింది. గోతాన్ని తెరేసమ్మ బియ్యం కింద పరుచుకుంది.

తర్వాత జరిగిందంతా ఆ మొదటి రోజే జరిగి ఉండవలసింది. టబ్బు వసారాలోకి వచ్చింది. ఎర్రబట్టలు డాబా మీదికి వెళ్ళాయి, అక్కడే ఎండ బాగా తగిలింది. దీక్ష పూర్తయ్యేదాకా జున్ను రెండు పూటలా కిందే తిని, మూతి కడుక్కుని పైకొచ్చేది. పంచెల మీద పోయడం వారం తిరక్కుండానే మానేసింది. సరైన తిండి లేక ఊడిన బొచ్చు మళ్ళీ రావడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. చీపురు చప్పుడు వినబడితే మంచం కిందికి దూరడం మాత్రం ఇప్పటికీ మానలేదు. అంత మంచి పిల్లికి ఆ భయం నేర్పింది మనుషులే. ఇంట్లో భిక్ష పెట్టాక అమ్మవారి దయ వల్ల పిల్లికి పగ తీరిందని సందులో చెప్పుకున్నారు. చేపల సంగతి అప్పుడు కూడా ఎవరూ అడగలేదు.

మరుసటి కార్తీకంలో రామకోటేశ్వరరావు మాల వేసుకుని చాపా చెంబూ తీసుకుని పుల్లయ్య సన్నిధానానికి వెళ్ళాడు. అక్కడ భవానీలే వండుకుంటారు, ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కుంటారు. ఇప్పుడు ఏటా అక్కడే. ఇల్లుండగా ఇక్కడెందుకు భవానీ అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, ఇంట్లో పిల్లి ఉందండీ, దానికి ఇబ్బంది అంటాడు. ఇంట్లో మాణిక్యమ్మ ఉందని ఇంతవరకూ ఒక్కరితోనూ అనలేదు.